ఉత్తరపు హద్దు

ఊరి పేరు చెప్పను. చెబితే మిగతా మున్సిపాలిటీలు నొచ్చుకుంటాయి. అంతకంటే ఘనంగా మా దగ్గర జరుగుతుంటే మమ్మల్ని వదిలేసి వాళ్లనెందుకు పొగిడావని కౌన్సిలర్లు ఫోన్లు చేసి నిలదీసినా నిలదీస్తారు. అందుకని కోస్తాలో ఏదో ఒక మున్సిపాలిటీ అనుకోండి. లక్షకి కాస్త తక్కువ జనాభా, ముప్పై చిల్లర వార్డులు, బస్టాండు, దాని ఎదురుగా ఒక విగ్రహం, విగ్రహం వెనక మున్సిపల్ ఆఫీసు, మేడ మీద కౌన్సిల్ హాలు. ఊరిని ఏలే పని అక్కడే జరుగుతుందని ఊరివాళ్ల నమ్మకం.

సమావేశం పదకొండింటికి అంటే పన్నెండుకి మొదలవుతుంది. మొదటి గంటన్నర ప్రజాస్వామ్యం కళకళలాడిపోతుంది. వీధికుక్కలకి ఆపరేషన్లు చేయించామన్నారు, మరి పిల్లలెక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నాయని ఒకరు. తొమ్మిదో వార్డులో వీధిలైటు పగలు వెలిగి రాత్రి ఆరిపోతోందని ఇంకొకరు. సీసీ రోడ్డు శంకుస్థాపన శిలాఫలకం మీద తన పేరు ఎమ్మెల్యేగారి పేరుకి మూడు వరుసల కింద చెక్కారని, ప్రోటోకాల్ ప్రకారం రెండో వరుసలో ఉండాలని ఒక సభ్యుడు పోడియం ముందు బైఠాయింపు. ప్రతిపక్షం వాకౌట్ చేసి, వరండాలో టీ తాగి, తిరిగి వాకిన్. సగం సీట్లు మహిళలవి. కానీ వాళ్లలో కొందరు చెయ్యెత్తాలో వద్దో వెనక కుర్చీలో కూర్చున్న భర్తగారి కనుబొమలు నిర్ణయిస్తాయి. ఆయన్ని ఊళ్లో 'కౌన్సిలర్ గారు' అనే పిలుస్తారు. ఆవిణ్ణి 'కౌన్సిలర్ గారి భార్య' అంటారు.

ఒంటిగంటన్నరకి కింద నుంచి బిర్యానీ వాసన మేడెక్కుతుంది. సరిగ్గా ఆ ఘడియలో టేబుల్ అజెండా వస్తుంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అజెండా అంటే సభ్యులు ముందే చదువుకుని రావడానికి ఇళ్లకి పంపేది. టేబుల్ అజెండా అంటే చదవకుండా ఉండటానికి అప్పటికప్పుడు బల్ల మీద పెట్టేది. ఊరికి మంచినీళ్లు మొదటి దాంట్లో ఉంటాయి. ఊరి స్థలాలు రెండో దాంట్లో ఉంటాయి. అంశం ఇలా సాగుతుంది: ఫలానా సర్వే నంబరులోని 2400 చదరపు గజముల స్థలమును మాస్టర్ ప్లాన్ నందలి నివాస వినియోగము నుండి వాణిజ్య వినియోగమునకు మార్చవలసినదిగా దరఖాస్తుదారు కోరియున్నందున, సదరు విషయము కౌన్సిల్ వారి ఆమోదము నిమిత్తము. ఈ వాక్యం పూర్తయ్యేసరికి చైర్‌పర్సన్ గారు 'ఆమోదించడమైనది' అనేస్తారు. శిలాఫలకం మీద రెండో వరుస కోసం బైఠాయించిన సభ్యుడు కూడా బల్ల చరుస్తాడు. ఏకగ్రీవం.

ఒక్క కొత్త సభ్యుడు మాత్రం, పాపం రాజకీయాలకి కొత్త, లేచి అడిగాడు. "అధ్యక్షా, ఆ సైటులో ఇప్పటికే ఫంక్షన్ హాలు కట్టేశారు కదండీ? మొన్న మా బావమరిది నిశ్చితార్థం అందులోనే చేశాం."

టౌన్ ప్లానింగ్ అధికారి ఫైలు తిరగేసి వినయంగా జవాబిచ్చారు. "రికార్డు ప్రకారం అది ఖాళీ స్థలం సార్."

బావమరిది నిశ్చితార్థానికి భోంచేసిన ఆరువందల మంది ఆ రికార్డు ప్రకారం ఖాళీ స్థలంలో గాలి మేసి వెళ్లారన్నమాట. కొత్త సభ్యుడి చొక్కా చెయ్యి ఎవరో లాగారు, ఆయన కూర్చున్నాడు. వచ్చే సమావేశానికి ఆయన కొత్తదనం కూడా పోతుంది.

మాస్టర్ ప్లాన్ పటంలో ఇళ్లుండే ప్రాంతానికి పసుపు వేస్తారు, వ్యాపారానికి నీలం వేస్తారు. (ఇవి ఏ పార్టీ రంగులూ కావు. పటం గీసినవాళ్లు అమాయకులు. ఊళ్లో ఎవరు ఏ రంగు జెండా మోసినా, ఈ ఒక్క విషయంలో పసుపు నీలం కావడానికి ఇరుపక్షాలకీ అభ్యంతరం ఉండదు.) పసుపు చూసి జనం స్థలాలు కొంటారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పోసి, బ్యాంకు లోను తీర్చి, గడపకి కూడా పసుపే రాసి గృహప్రవేశం చేస్తారు. పటంలో ఆ రంగు సర్కారు వాళ్లకిచ్చిన మాట. మీ పక్కన కూడా ఇల్లే ఉంటుంది, బట్టీ ఉండదు, బార్ ఉండదు, పెళ్లిళ్ల హాలు ఉండదు అని.

ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఎంత ఖర్చవుతుందో, ఎంత లాభం వస్తుందో లెక్క చూద్దాం. నా లెక్క ఊహాలెక్కే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఇంటి స్థలంగా గజం 20 వేలు, వ్యాపార స్థలంగా 35 వేలు. తేడా 15 వేలు. 2400 గజాలకి 3 కోట్ల 60 లక్షలు. నేల అదే, మట్టి అదే, గజం పెరగలేదు. అంశం చదవడానికీ ఆమోదించడానికీ కలిపి నలభై సెకన్లు. సెకనుకి 9 లక్షల సంపద సృష్టించే యంత్రం పైన ఫ్యాన్లు తిరగని మేడగదిలో ఉందని తెలిస్తే సిలికాన్ వ్యాలీ వాళ్లు సిగ్గుపడతారు. ఆ సంపదలో కొంత మార్పిడి రుసుముగా ఖజానాకి చేరుతుంది. ఆ రసీదు చూపించి 'మున్సిపాలిటీకి ఆదాయం' అని ప్రెస్‌నోట్ ఇస్తారు. మిగిలినదానికి రసీదు ఉండదు కాబట్టి ప్రెస్‌నోట్ కూడా ఉండదు.

ఇంత చేసినా కౌన్సిల్ వారిని తప్పుపట్టడానికి వీల్లేదు. వాళ్లేమీ నిర్ణయించలేదు, సిఫార్సు చేశారంతే. నిజంగానే చట్టంలో ఉన్న చమత్కారం అది. 1992లో రాజ్యాంగాన్ని 74వసారి సవరించి, పురపాలక సంఘాలకి అప్పగించదగిన 18 అంశాల జాబితా ఒకటి పెట్టారు. పన్నెండో షెడ్యూలు. మొదటి అంశం పట్టణ ప్రణాళిక. రెండోది భూవినియోగ నియంత్రణ. మురుగుకాలవ కంటే, శ్మశానం కంటే ముందు ఇవి. ఆచరణలోకి వచ్చేసరికి శ్మశానం మున్సిపాలిటీకి వచ్చింది, పటం మీద కలం పైనే ఉండిపోయింది. ఆంధ్రలో ఎన్నో చిన్న పట్టణాల భూవినియోగం మార్చిన జీవోలు 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టాన్ని పట్టుకునే వెలువడ్డాయి. గాంధీగారు సహాయ నిరాకరణ మొదలుపెట్టిన ఏడాది చట్టం. ఇన్నేళ్లలో దానికి ఎవరూ సహాయం నిరాకరించలేదు.

కాబట్టి దారి ఇదీ. కౌన్సిల్ సిఫార్సు చేస్తుంది. టౌన్ ప్లానింగ్ విభాగం సాంకేతిక నివేదిక ఇస్తుంది. డైరెక్టరేట్ అభిప్రాయం చెబుతుంది. సచివాలయం ముసాయిదా వేసి, పదిహేను రోజుల్లోగా అభ్యంతరాలు చెప్పండంటుంది. చివరికి గవర్నర్ గారి పేరు మీద ఉత్తర్వు వెలువడుతుంది. కింద అడిగితే "పైన అయిపోయిందండీ" అంటారు. పైన అడిగితే "కింద నుంచి రికమెండ్ అయి వచ్చింది" అంటారు. ఇంతమంది చేతులు మారిన ఫైలులో నిర్ణయం తీసుకున్న చెయ్యి ఒక్కటీ దొరకదు. దొరికేది గవర్నర్ గారి పేరొక్కటే. ఆయనకి ఆ సందు ఎక్కడుందో తెలియదు.

ఆ జీవోల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది, నాకు చాలా ఇష్టమైనది. ఈ భూవినియోగ మార్పు సదరు స్థలంపై యాజమాన్య హక్కుకి రుజువుగా పనికిరాదు అని. అంటే ఆ స్థలం తలరాత మార్చడానికి అభ్యంతరం లేదు గానీ, అది ఎవరి స్థలమో మాత్రం మమ్మల్ని అడగొద్దు.

ఇక అసలు సంగతి. ఇంత ఫైలులో పక్కింటాయన ఎక్కడున్నాడు?

ఉన్నాడు. చివరి పేజీలో, షెడ్యూలు కింద. తూర్పు: 40 అడుగుల రోడ్డు. పడమర: మున్సిపల్ డ్రెయిన్. దక్షిణం: దరఖాస్తుదారు సొంత ఖాళీ స్థలం. ఉత్తరం: ఫలానా వారి ఇల్లు.

ఆ 'ఫలానా వారు' ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. ముప్పై ఏళ్లుగా ఇంటిపన్ను మొదటి విడతలోనే కట్టి రిబేటు తీసుకునే రకం. ఓటరు, పన్ను చెల్లింపుదారు, సీనియర్ సిటిజన్, పౌరుడు. ఫైలుకి మాత్రం ఆయన వీటిలో ఏదీ కాదు, ఉత్తరపు హద్దు. పడమర డ్రెయిన్‌కీ ఆయనకీ హోదాలో తేడా లేదు. ఉన్న తేడా కూడా డ్రెయిన్‌కే లాభం, దాన్ని కనీసం ఏడాదికోసారి ఇంజినీరు వచ్చి చూసిపోతాడు.

మాస్టారు ఊరుకోలేదు. కౌన్సిలర్ ఇంటికి వెళ్లారు. "మాస్టారూ, మీ దగ్గర చదువుకున్నవాణ్ణి, మీ మాట కాదంటానా? కూర్చోండి, కాఫీ తాగండి. కానీ నేనొక్కణ్ణీ కాదంటే ఆగుతుందా అండీ?" అన్నాడు శిష్యుడు. ఒక్కడు కాదన్నా ఏకగ్రీవం ఆగుతుందన్న లెక్క తను చెప్పలేదేమోనని మాస్టారు చాలాసేపు మథనపడ్డారట.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి పదిహేను రోజులిచ్చారు కదా అంటారా? ఇచ్చారు. ఆ సంగతి గెజిట్‌లో ప్రకటించారు కూడా. గెజిట్ మీ వీధి చివర ఏ బడ్డీకొట్లో వేలాడుతోందో చెప్పండి, నేనూ కొనుక్కుంటాను. దేశంలో రహస్యం దాచడానికి ఇంతకంటే భద్రమైన చోటు లేదు. లాకరుకైనా తాళంచెవి ఉంటుంది. మాస్టారు ఎలాగో తెలుసుకుని, కాలనీలో ఇరవై సంతకాలు పెట్టించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. తిరుగు రసీదు వచ్చింది. ఫైలులో ఒక వాక్యం చేరింది: 'అందిన అభ్యంతరములు పరిశీలించడమైనది.' ఏం పరిశీలించారో, ఎందుకు తోసిపుచ్చారో రాయడం సర్కారీ తెలుగు వ్యాకరణంలో లేదు. 'అయినది' అంటే అయిపోయినట్టే, ఎవరు చేశారని అడగకూడదు.

వార్డు కమిటీకి చెప్పుకోవచ్చు కదా అని హైదరాబాదులో ఉండే వాళ్లబ్బాయి సలహా ఇచ్చాడు. రాజ్యాంగం వార్డు కమిటీలని తప్పనిసరి చేసింది, నిజమే. మూడు లక్షలూ అంతకుమించి జనాభా ఉన్న ఊళ్లకి. చిన్న ఊరివాడి గొంతు చిన్నది కాబట్టి కమిటీ అక్కర్లేదనుకున్నారేమో.

గొంతు సంగతి వచ్చింది కాబట్టి చెవుల సంగతీ చూడాలి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. పటంలో రంగుతోపాటు శబ్దాల లెక్క కూడా మారిందంటే, ఉత్తరపు హద్దు చెవులు ఒక్క తీర్మానంతో పది డెసిబెల్స్ ఎక్కువ ఓర్చుకోవాలి. పది డెసిబెల్స్ అంటే శబ్దశక్తి పది రెట్లు. వయసుతోపాటు వినికిడి తగ్గుతుందని వైద్యశాస్త్రం చెబుతుంది. మున్సిపాలిటీ ఆ పని వేగంగా పూర్తిచేస్తానంటోంది. నిబంధన ప్రకారం రాత్రి పదింటికి లౌడ్‌స్పీకర్లు ఆగిపోవాలి. ముహూర్తం రెండున్నరకి ఉంటే బ్యాండుమేళాన్ని పదింటికి పడుకోబెట్టిన పోలీసు ఈ గోదావరి కృష్ణల మధ్య ఇంకా పుట్టలేదు. డీజే పెట్టెల అదురుకి మాస్టారి షెల్ఫులో నిఘంటువు ముందుకి జరిగి కిందపడింది. గేటుకి అడ్డంగా పెళ్లివారి ఇన్నోవా. అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే ఎవరి డ్రైవరుని వెతకాలి? జనరేటరు పొగ, విస్తళ్ల గుట్ట, దాని మీద ఆపరేషన్ చేయించుకున్న కుక్కల సంతానం. మొదటి గంటన్నర చర్చలో ఆ కుక్కల గురించి గొంతు చించుకున్న సభ్యుడే వాటి భోజనశాలకి బల్ల చరిచాడు. దీన్నే సమగ్ర దృక్పథం అంటారు.

కోర్టులున్నాయి కదా అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. ఉన్నాయి, గట్టిగానే మాట్లాడాయి. బెంగళూరులో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కట్టబెడితే ఆ పేట జనం కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదంది. మీరట్‌లో ఇంటికోసం ఇచ్చిన ప్లాటులో దుకాణాలు కట్టుకున్న కేసులో 2024 డిసెంబరులో కూల్చివేతని సమర్థించింది, ఏళ్లతరబడి అధికారులు ఊరుకున్నంత మాత్రాన అక్రమం సక్రమమైపోదని చెప్పింది. చదవడానికి చాలా బాగుంటాయి ఈ తీర్పులు. కాకపోతే మీరట్ దుకాణాల కూల్చివేతకి హైకోర్టు ఆదేశమిచ్చింది 2014లో. మధ్యలో పదేళ్లు షట్టర్లు తెరుచుకుంటూనే ఉన్నాయి. మాస్టారికి డెబ్బైనాలుగు. వాయిదాలకి ఆయన తట్టుకోగలరో లేదో గానీ ఫంక్షన్ హాలు తట్టుకుంటుంది. కోర్టు ఖర్చు దానికి నాలుగు ముహూర్తాల అద్దె.

పోనీ ప్రభుత్వమైనా గట్టిగా ఉంటుందా? ప్లాను లేకుండా కట్టినవాళ్లని క్షమించడానికి 2007లో ఒక పథకం పెట్టారు, బీపీఎస్. ఒక్కసారికే అన్నారు. 2015లో మళ్లీ పెట్టారు. 2019లో మళ్లీ. ఒక్కసారి అన్న మాటకి ఇన్ని సార్లు అర్థం వస్తుందని మా తెలుగు మాస్టారికి కూడా తెలియదు. ప్రతి పథకం గడువూ పొడిగిస్తారు, పొడిగించినప్పుడల్లా ఊళ్లో సిమెంటు అమ్మకాలు బాగుంటాయని కొట్టువాడు చెబుతాడు. రూలు ప్రకారం ప్లాను పెట్టి, సెట్‌బ్యాక్ వదిలి, రెండు గదులు తగ్గించుకుని ఇల్లు కట్టినవాడు వాటిని చూసి ఏం నేర్చుకోవాలి? నేర్చుకున్నాడు లెండి. చిన్న ఊరి కౌన్సిల్‌ని ఒక్కదాన్నే అనడం కూడా న్యాయం కాదు. హైదరాబాదు జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలు కట్టడి చేస్తూ 1996లో తెచ్చిన జీవో 111ని 2022లో ఇంకో జీవోతో ఎత్తేస్తున్నామన్నారు. 2400 గజాలతో చేతులు కడుక్కున్న మా చైర్‌పర్సన్ గారు ఆ లెక్కన ఎంత మితాహారి!

మరి ఊరు పెరగొద్దా, పటం గీసిన నాటికీ నేటికీ తేడా లేదా అని దరఖాస్తుదారు తరఫు పెద్దమనిషి అడిగాడు. ఉంది. ఆ మాట అబద్ధం కాదు. మాస్టర్ ప్లాన్లు ఆఫీసులో కూర్చుని గీసినవి, చాలావాటికి కాలం చెల్లింది. కాలనీలో ఒక మందుల షాపు, ఒక కిరాణా, ఒక క్లినిక్ ఉంటే ఎవరికీ నొప్పి లేదు, మాస్టారికే సుఖం. అయితే ప్లాన్ పాతదైతే ప్లాన్ మార్చండి. రోడ్డు మొత్తం చూడండి, పార్కింగ్ ఎక్కడో చెప్పండి, డ్రెయిన్ ఆ నీటిని మోస్తుందా అడగండి, కాలనీవాళ్లని పిలిచి పటం గోడకి తగిలించి చూపించండి. ఊరి పటం అంతా పాతబడి ఒకే ఒక్క ఆసామి 2400 గజాల దగ్గర మాత్రం కొత్తబడితే దాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రావడం లేదు. పైగా దక్షిణం హద్దు కూడా ఆయన సొంత ఖాళీ స్థలమే. వచ్చే ఏడాది దానికో దరఖాస్తు వస్తుంది. దాని ఉత్తరపు హద్దు ఫంక్షన్ హాలు. అది అభ్యంతరం చెప్పదు.

జీవో వచ్చింది. హాలు ప్రారంభోత్సవం రెండోసారి ఘనంగా జరిగింది, మొదటిసారి ఖాళీ స్థలంగా ఉన్నప్పుడు జరిగింది కాబట్టి. ఈసారి శిలాఫలకం మీద అందరి పేర్లూ ఒకే వరుసలో వేశారు. ప్రోటోకాల్ గొడవ రాలేదు. ప్రైవేటువాళ్లకున్న సంస్కారం మున్సిపాలిటీకి ఉండదు.

మాస్టారు ఒక మాఘమాసం భరించారు, ఒక వైశాఖం భరించారు. అమ్మేద్దామని బేరం పెడితే ఇంటిగా కొనడానికి ఒక్కడూ రాలేదు. వచ్చినవాళ్లంతా గేటు దగ్గరే నిలబడి హాలు కేసి చూసి, "రాత్రిళ్లు ఎలా అండీ?" అని అడిగి వెళ్లిపోయారు. చివరికొకాయన వచ్చి, జోన్ మార్పించి ఇస్తే లాడ్జి కడతాను, అడిగిన ధర ఇస్తానన్నాడు. పెళ్లికొచ్చినవాళ్లు పడుకోవాలిగా మరి.

కిందటి నెల టేబుల్ అజెండాలో మాస్టారి దరఖాస్తు వచ్చింది. 300 గజాలు. ఇరవై సంతకాల అర్జీ రాసిన చేతిరాతే, అక్షరం ఎక్కడా వంకర పోలేదు. పక్కనే వాణిజ్య వినియోగం ఉన్నందున, పరిసరములు ఇప్పటికే వాణిజ్య స్వభావము సంతరించుకున్నందున అని టౌన్ ప్లానింగ్ వారు నివేదిక ఇచ్చారు. ఈసారి మాత్రం రికార్డూ వాస్తవమూ కలిశాయి. శిష్యుడే లేచి బలపరిచాడు. ఏకగ్రీవం.

షెడ్యూలు చదివాను. తూర్పు: 40 అడుగుల రోడ్డు. పడమర: మున్సిపల్ డ్రెయిన్. దక్షిణం: ఫంక్షన్ హాలు. ఉత్తరం: ఒక విశ్రాంత నర్సు ఇల్లు. ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు, గెజిట్‌లో వేస్తారు.